ఒక్క వేరే మొక్క లేని చేను

పోయిన నెల గద్వాల నుంచి హైదరాబాదు పోతుంటే ఎర్రవల్లి చౌరస్తా ఇంకా రాకముందే బస్సు టైరు పంక్చరైంది. డ్రైవరూ కండక్టరూ జాకీ కోసం వెతుకుతుంటే ప్రయాణికులంతా దిగి ఎవరి నీడ వాళ్ళు చూసుకున్నారు. నాకు నీడ దొరకలేదు గాని పత్తిచేను దొరికింది. చేలో మొగ్గమొగ్గకూ ఎర్ర కాగితం తొడిగి ఉంది. నా పక్కన నిలబడ్డ హైదరాబాదు అమ్మాయి "ఇక్కడ ఏదైనా పండగా ఆంటీ?" అని అడిగింది. పండగ కాదమ్మా, క్రాసింగ్ అన్నాను. ఆమె తల ఊపి ఫోను తీసి ఫొటో కొట్టుకుంది. క్రాసింగ్ అంటే ఏమిటని అడుగుతుందేమో, చెబుదామని నేను గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె అడగలేదు. అడగనివాళ్ళకు కూడా కూర్చోబెట్టి చెప్పే అలవాటు నాకు ముప్పై ఏళ్ళు దాటాకే పోయింది కాబట్టి నోరు మూసుకున్నాను. మీరు చదవడం మొదలుపెట్టారు కాబట్టి మీకు తప్పదు.

గద్వాల చుట్టుపక్కల మా రైతులు వేసేది మిల్లుకు పోయే పత్తి కాదు, విత్తనాల కోసం పెంచే సీడు పత్తి. చేలో ఒక రకంవి ఆడ వరుసలు, ఇంకో రకంవి మగ వరుసలు ఉంటాయి. ఆడ వరుసల్లో రేపు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట వెతికి పట్టుకుని, దానికి సొంతంగా ఉన్న పుప్పొడిని గోటితో ఒలిచేసి, గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తెల్లారి మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. ఈ పనినే మావాళ్ళు క్రాసింగ్ అంటారు. దసరా సెలవులంటే మా ఇంట్లో పిల్లలందరికీ అదే పని. కానీ మా నాయన దృష్టిలో క్రాసింగ్ ఎవరైనా చేస్తారు, అసలు పని ఏరివేత. పొద్దున్నే చేతులు వెనక్కు కట్టుకుని వరుసల మధ్య నడిచేవాడు. ఆకు ఒక్క రవ్వ వెడల్పున్నా, పువ్వు రంగు కొంచెం తేడాగా ఉన్నా అది వేరే మొక్క. వేరుతో పీకి గట్టు అవతల పడేసేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు కంపెనీవాళ్ళు మా విత్తనాన్ని మొలిపించి చూసి, ఇందులో కల్తీ ఉందని లాటు మొత్తాన్ని, అంటే మా పంటంతటినీ, ఫెయిల్ చేశారు. ఆ ఏడంతా మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఎక్కడో ఒకటి రెండు వేరే మొక్కలు తన కళ్ళుగప్పి మిగిలాయని నాయన నమ్మకం. ఆ సంగతి ఆయన ముందు ఎత్తకూడదని ఎవరూ చెప్పకుండానే మాకందరికీ తెలిసిపోయింది. మరుసటేడు నుంచి నేనూ ఆయన వెనక నడిచేదాన్ని. వేరే మొక్క కనబడితే నా చెయ్యి దానంతట అదే దాని మీదికి పోయేది.

ఇప్పుడు అసలు సంగతి. రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్ళు అయి ఉంటుంది. నేను హైదరాబాదులో ఇంజనీరింగు మూడో ఏడు పరీక్షలు రాసి హాస్టలు ఖాళీ చేస్తున్నాను. మా సారు ఒకాయన పిలిచి జిరాక్సు కాగితాల కట్ట ఒకటి నా చేతిలో పెట్టాడు. సగం కాగితాలు జెనెటిక్ అల్గారిథమ్‌ల మీద, సగం క్వాంటం కంప్యూటింగు మీద. ఈ రెండూ కలిపి ఒక లెక్క మీద ప్రయోగించి చూడు, కాలేజీ తెరిచేలోపు మామూలు పద్ధతి కంటే మంచి జవాబు తెస్తే నిన్ను నా దగ్గర పరిశోధనలో పెట్టుకుంటాను, పై చదువుకు నేనే సాయం చేస్తాను అన్నాడు. నాకు భూమ్మీద కాళ్ళు ఆనలేదు. నాయన అంతా విని తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "ఈ ఒక్క ఎండకాలం నీది. అయితే సరే. కాకుంటే బ్యాంకు పరీక్షల కోచింగుకు పోవాలె. మల్ల ఏడ్వొద్దు" అన్నాడు. ఆయన మాటంటే మాటే. బ్యాంకు ఉద్యోగం చెడ్డదేమీ కాదు, దాంట్లో చేరిన మా క్లాసువాళ్ళు ఇప్పుడు నాకంటే సుఖంగా ఉన్నారు. కాని ఆ జిరాక్సు కాగితాలు చదివినప్పుడు నాకు కలిగిన సంబరం అంతకు ముందు దేంట్లోనూ కలగలేదు. అది పోతుందేమో అన్న భయంతోనే ఆ ఎండాకాలం మొదలైంది.

మా ఊళ్ళో కంప్యూటరు లేదు. వనపర్తిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉంది. చిన్నమ్మ అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు, ప్రభుత్వ దవాఖానలో నర్సు. చిన్నాయన పోయాక ఒక్కతే ఉండేది. కంప్యూటరు వచ్చినవాళ్ళకు ప్రమోషన్లు ముందొస్తాయని దవాఖానలో ఎవరో అంటే కొని, నాలుగు రోజులు క్లాసుకు పోయి, ఎలుక చేతికి లొంగడం లేదని మానేసింది. కొన్నరోజే తెర నెత్తిన కుంకుమ బొట్టు పెట్టి, తాను అల్లిన క్రోషా గుడ్డ కప్పింది. నేను ఆ గుడ్డ తీస్తుంటే, "ఏమన్న చేస్కో బిడ్డా, బొట్టు మాత్రం తుడవకు. గదొక్కటే అడుగుత" అంది. చాలావరకు నైట్ డ్యూటీలే. పొద్దున వచ్చి రెండు జొన్నరొట్టెలు పచ్చిపులుసుతో తిని పడుకునేది. ఇంట్లో చప్పుడు చేయకూడదు. ఒక గదిలో కూలరు చప్పుడు, ఇంకో గదిలో కంప్యూటరు చప్పుడు, మధ్యలో నేను.

నేను ఎంచుకున్న లెక్క చెబుతాను, భయపడకండి. విత్తనాల సంచులు పోగుచేసే జీపు ఒకటి గద్వాలలో బయలుదేరి, ఊళ్ళన్నీ ఒక్కోసారి చుట్టి, మళ్ళీ గద్వాల చేరాలి. ఏ వరుసలో పోతే దూరం తక్కువ? కాగితాల్లో ఎక్కడివో పరాయి దేశాల ఊళ్ళున్నాయి. నాకు వాటితో ఏం పని అని ఇటిక్యాల, అలంపూర్, పెబ్బేరు, కొత్తకోట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్, సోమశిల అంటూ మా జిల్లా ఊళ్ళే పెట్టుకున్నాను. అప్పటికి ఇదంతా ఒకటే జిల్లా. దూరాలు చిన్నమ్మ ఎరిగిన బస్సు కండక్టరును అడిగి రాసుకున్నాను. వినడానికి చిన్న లెక్కే గాని, ఊళ్ళు ముప్పై దాటితే అన్ని దారులూ ఒక్కొక్కటే చూడటం ఎంత పెద్ద కంప్యూటరుకైనా ఒక జన్మలో అయ్యే పని కాదు. అందుకని జెనెటిక్ పద్ధతి. అడ్డదిడ్డంగా కొన్ని దారులు పుట్టించాలి. వాటిలో మంచివి ఎంచి, రెండింటిని కలపాలి. అక్షరాలా క్రాసింగే. పుట్టిన పిల్లల్లో మంచివి ఉంచి మళ్ళీ కలపాలి. తరం తర్వాత తరం. ఇక క్వాంటం కంప్యూటరును మా సారు కూడా కంటితో చూసి ఉండడు. దాని తరహాను మామూలు కంప్యూటరు చేత ఆడించాలి. అంటే ఈ ఊరి తర్వాత ఆ ఊరే అని ముందే ఖాయం చేయకుండా, ఇటూ పోవచ్చు అటూ పోవచ్చు అని మొగ్గు మాత్రమే రాసి పెట్టుకోవాలి. చూసినప్పుడు అది ఏదో ఒక దిక్కుకు పడుతుంది. మంచి దారి తగిలినప్పుడల్లా ఆ మొగ్గును కొంచెం అటు జరపాలి. ఆ కొంచెం ఎంత అనే దగ్గరే విద్యంతా ఉంది.

ఇందులో కాగితాల్లో లేనిది నేను ఒకటి చేర్చాను. మంచి దారి పోలిక లేకుండా వికారంగా పుట్టిన ప్రతి పిల్లనూ పుట్టగానే తీసి పారేసే నాలుగైదు లైన్లు. ఆ ముక్కకు 'పీకుడు' అని పేరు కూడా పెట్టాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. చేయకూడదేమో అన్న అనుమానమూ రాలేదు. విత్తనాలు చేసే ఇంట్లో పుట్టినదానికి అది వంటకు ముందు బియ్యం ఏరుకోవడం లాంటిది.

ఆ రెండు నెలలూ నాకు మాట్లాడే మనిషి లేదు. సాయంత్రం చిన్నమ్మ లేచాక ఇద్దరం గడప మీద కూర్చుని టీ తాగేవాళ్ళం. "ఎందాంక వచ్చింది నీ మిషన్ పని?" అనేది. నడుస్తుంది చిన్నమ్మా అనేదాన్ని. మంచిది అనేది. ఇక ఇద్దరికీ ఏమీ తోచేది కాదు. ఆమె లోపలి సంగతులు ఆమె చెప్పుకోలేదు, నావి నాకు చెప్పడం రాలేదు. ఆమె దవాఖానకు పోయాక సందులో పిల్లల ఆటలు, ఎదురింటి వాళ్ళ టీవీ, పక్కింటి ఆవిడ ఎవరినో తిట్టడం, అన్నీ వినబడేవి. వాటిలో ఒక్క మాట కూడా నా కోసం కాదు. ఆదివారం నెట్ సెంటరుకు పోయి సారుకు మెయిలు పెట్టేదాన్ని. నేను రెండు పేజీలు రాస్తే ఆయన ప్రయత్నిస్తూ ఉండమని ఒక్క లైను రాసేవాడు. పక్క క్యాబిన్లలో ఎవరెవరో చాటింగు చేస్తూ కిసుక్కుమంటుంటే నేను ఆ ఒక్క లైనునే తిప్పి తిప్పి చదువుకునేదాన్ని. కొన్నాళ్ళకు నా గొంతు నాకే కొత్తగా వినబడటం మొదలైంది. ఇట్లా అయితే మాటే మరిచిపోతానని, తెర మీద వచ్చే దారులను కండక్టరులా పైకి చదవడం అలవాటు చేసుకున్నాను. "ఇటిక్యాల, ఇటిక్యాల, దిగేటోళ్ళు రాండ్రి! సోమశిల పోయేటోళ్ళు జర ముందుకు జరుగుండ్రి!" నా బస్సులో ఎక్కేవాళ్ళూ లేరు, దిగేవాళ్ళూ లేరు. కూలరు చప్పుడు ఉంది కదా అనుకున్నాను గాని, పక్కగదిలో పడుకున్న చిన్నమ్మ ఇదంతా వింటుందని నాకు తట్టలేదు.

పని మాత్రం ముందుకు సాగలేదు. కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ కుయ్ కుయ్ మనేది, నేను పరుగెత్తి చేసినంతవరకు భద్రం చేసేదాన్ని, కరెంటు వచ్చాక మళ్ళీ మొదలు. మొదటి తరాల్లో దూరం జరజరా తగ్గేది. తర్వాత ఒకచోట మొండికేసి కూర్చునేది. ఎన్నిసార్లు తిప్పినా అక్కడే. దగ్గరున్న ఊరికి ముందు పో అనే మామూలు పద్ధతి, లెక్కలు రానివాళ్ళు కూడా చేయగలిగేది, నాదానికంటే మంచి జవాబు ఇస్తుంది. మృగశిర కార్తె దగ్గరపడింది. కాలేజీ తెరిచే రోజులు వచ్చేస్తున్నాయి. నాయన కోచింగు సెంటరుకు పోయి అన్నీ కనుక్కుని వచ్చాడని అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రోజు అన్నం సహించలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం, ఇంకేమీ చేయడానికి తోచక, అన్నింటిలో మంచి దారిని ఒక్కదాన్నే కాకుండా ఆ తరంలో ఉన్న దారులన్నింటినీ తెర మీదికి రప్పించాను. పైనుంచి కిందిదాకా ఒకటే దారి. కిందికి జరిపాను. అదే. ఇంకా కిందికి జరిపాను. అదే. వందల వరుసలు, ఒక్కటంటే ఒక్క వేరే మొక్క లేదు. అంత శుభ్రమైన చేను మా ఊళ్ళో ఎవరికీ పండి ఉండదు. నాయన చూస్తే కంపెనీవాళ్ళను పిలిపించి మరీ చూపించేవాడు. అప్పుడు అర్థమైంది. అచ్చంగా ఒకేలాంటి రెండింటిని క్రాసింగ్ చేస్తే మళ్ళీ అదే పుడుతుంది. కొత్త దారి రావాలంటే వేరేది ఒకటి చేలో మిగలాలి. వేరేది తలెత్తితే చాలు, నేను పీకేస్తున్నాను. అన్ని పుస్తకాలు చదివి, క్వాంటం గురించి అన్ని కలలు కని, చివరికి నాయన వెనక వరుసల్లో నడిచే పిల్లగానే మిగిలాను.

నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే ఇది ఎవరికి చెప్పాలా అని చుట్టూ చూశాను. మా ఊరివాళ్ళకు చెబితే చేను సంగతి తెలుసు, ప్రోగ్రాం సంగతి తెలియదు. మా సారుకు ప్రోగ్రాం తెలుసు, ఆయన జన్మలో పత్తిమొక్క పీకి ఉండడు. రెండూ తెలిసి ఈ నవ్వు నవ్వగలిగిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. ఆ మాట మనసులో అనుకోగానే నవ్వు కాస్తా ఏడుపైంది. ఎందుకు ఏడుస్తున్నానో నాకు బాగా తెలుసు. ఒంటరిగా ఉన్నందుకే ఏడ్చాను.

తలెత్తి చూస్తే గుమ్మంలో చిన్నమ్మ, జుట్టు విరబోసుకుని. "ఏమైంది బిడ్డా?" అంది. ఏం చెప్పాలో తెలియక, "ఏం లేదు చిన్నమ్మా, చేను మంచిగైంది" అన్నాను. ఆ జవాబుతో అంతా అయిపోయింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, నాడి పట్టి చూసింది, గ్లూకోజు నీళ్ళు తాగించి చాప మీద పడుకోబెట్టింది. తర్వాత పక్కగదిలోంచి ఫోను మాటలు వినబడ్డాయి. "బావా, జర మీరు రాండ్రి. పిల్ల ఒక్కతే మాట్లాడ్తది, బస్సులల్ల మందిని ఎక్కిస్తది. ఇయ్యాల ఒక్కతే నవ్వి ఒక్కతే ఏడ్సింది. ఏంది బిడ్డా అంటే చేను మంచిగైంది అంటది. ఈ ఇంట్ల చేనేడిది బావా?"

తెల్లారి మొదటి బస్సుకే నాయన దిగాడు. అప్పటికి నేను ఆ పీకుడు ముక్క తీసేసి, మొగ్గును జరపడం కూడా తగ్గించి, ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టాను. అది నడుస్తూ ఉంది. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నన్ను చూడకముందే కంప్యూటరు వైపు చూశాడు, పిల్లను చెడగొట్టిన స్నేహితురాలిని చూసినట్టు. "సంచి సర్దుకో. పోదాం. ఈ సదువు లేకున్నా బతుకొచ్చు" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్రపోలేదు. ఆయన ముఖంలో భయం నేను లాటు ఫెయిలైన ఏడు చూశాను, మళ్ళీ ఇప్పుడు చూస్తున్నాను. ఈ అవకాశం పోతే ఇప్పుడే పోతుంది, మళ్ళీ నన్ను ఎవరూ ఈ పనికి పంపరు అనిపించి కుర్చీ ఆయన వైపు జరిపాను.

"నాకేం గాలే నాయినా. ఎందుకు నవ్విన్నో చెప్త. ఇన్నంక తీస్కపో" అన్నాను. ఆయన కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అల్గారిథమ్ అనలేదు, క్వాంటం అనలేదు. దీన్ని చేను అనుకో అన్నాను. ఇందులో మొక్కల లెక్క దారులున్నాయి, మంచి దారుల్ని క్రాసింగ్ చేస్తున్నాను, మంచివి ఏరి మళ్ళీ క్రాసింగ్ చేస్తున్నాను అని చెప్పాను. ఆయన ఊ కొట్టాడు.

"వేరే మొక్క కనబడితే పీకేసిన."

"మంచి పని చేసినవ్."

"ఒక్కటి ఇడ్వలే నాయినా. చేనంత ఒక్క తీరుగైంది."

"మరింకేంది?"

"ఫెయిలైంది."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎట్ల ఫెయిలైతది? కల్తీ లేదంటివి గద."

"కల్తీ లేకనే ఫెయిలైంది. ఈ లెక్కల వేరే మొక్క లేకుంటే కొత్తది పుట్టది. గందుకే పీకుడు బంద్ పెట్టిన. ఇప్పుడు సూడు, చేనంత కలగాపులగం. ఇదే పాసైతదని నా నమ్మకం."

ఆయన తెర వైపు తిరిగాడు. వంటింట్లో చిన్నమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఎవరం ఎత్తని మాటను నేను ఎత్తానని అప్పుడు తట్టింది. తెర మీద వరుసలు కదులుతున్నాయి, ఒకదాని పోలిక ఒకదానికి లేదు. ఆయన చాలాసేపు వాటిని చూశాడు. చేను గట్టున నిలబడి చూసినట్టే చూశాడు.

"అంటే," అన్నాడు చివరికి, "ఆ యేడు మన చేను కంపెనోడు గాక నీ మిషన్ సూసుంటే..."

"ఫస్టు క్లాసుల పాసైతుండె నాయినా" అన్నాను.

మీసం కింద పెదవి బిగపట్టాడు. ఆగలేదు. భుజాలు ఊగిపోయేలా, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆపుకుందామని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే మళ్ళీ వస్తుంది. చిన్నమ్మ గరిటె చేతపట్టుకుని వచ్చి, "అయ్యో, ఇద్దరికీ ఒక్కటే రోగమాయె గదనే!" అంది. దాంతో ఇంకా ఎక్కువైంది. నవ్వు తగ్గాక ఆయన కళ్ళు తుడుచుకుని, నాతో కాకుండా తెరతో అన్నట్టు, "ఇన్నేండ్లు ఆ రెండు మొక్కలే నిద్దర్ల కనబడుతుండె" అన్నాడు. టీ తాగాడు. మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే పోయాడు. చెప్పులు వేసుకుంటూ, "కోచింగోనికి రాదని చెప్త తియ్" అన్నాడు. నా లెక్క పాసైందా లేదా అని అడగలేదు. అప్పటికింకా అది పాస్ కాలేదు.

కాలేజీ తెరిచేలోపే అయింది. మామూలు పద్ధతి కంటే కాస్త తక్కువ దూరమే వచ్చింది. జీపు పోయేటప్పుడు దారిలోనే ఉన్న పెబ్బేరును వదిలేసి, సోమశిల దాకా పోయి, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని పట్టుకుంది. తెలివైనవాళ్ళెవరూ అలా పోరు. ముందటి వారమైతే ఆ దారిని నేను కళ్ళు మూసుకుని పీకేసేదాన్ని. సారు మాట నిలబెట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా నేను బతుకుతున్నది ఆ పని మీదే. ఇప్పుడు కాలేజీలో ఆ పాఠం చెబుతాను, ఆ విద్య తెలిసినవాళ్ళు నా చుట్టూ బోలెడుమంది. ప్రతి ఏడూ ఆ పాఠం వచ్చినప్పుడు పిల్లలకు ఒక్క వేరే మొక్క లేని ఆ చేను సంగతి చెబుతాను. వాళ్ళు నవ్వుతారు, మేడమ్ నవ్వుతున్నది కాబట్టి.

నాయన పోయి చాలా ఏళ్ళైంది. ఏదైనా లెక్క తేలినప్పుడో, తేలక తలకిందులైనప్పుడో ఆయనకు ఎట్లా చెప్పాలా అని మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టి, మధ్యలో గుర్తొచ్చి ఆగిపోతాను. ఆ ఎండాకాలంలో అలాంటి నవ్వు ఒకటి వస్తుందని తెలియకుండా ఎదురుచూశాను, ఇప్పుడు రాదని తెలిసీ ఎదురుచూస్తున్నాను. కాలం గడిచిందంటే నాకు తెలిసిన అర్థం ఇదే.